నా కాలు, అమ్మగారి సాక్ష్యం

2022లో వానలు మొదలవుతున్న రోజులు. నర్సీపట్నంలో నేను డ్రైవింగ్ స్కూలు పెట్టి అప్పటికి పదిహేడేళ్ళు. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి కాస్త అవతల ఒక గది, గోడ మీద ట్రాఫిక్ గుర్తుల పటం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం ముందు నెత్తిన ఎల్ బోర్డు పెట్టుకున్న తెల్ల కారు. విద్యార్థులు వస్తే క్లాసు. రాకపోతే ఒక కుర్చీలో నేను, రెండో కుర్చీలో నా కంగారు.

నా వృత్తి డ్రైవింగ్ నేర్పడం, ప్రవృత్తి భయపడటం. ఆపదలంటే భయం కాబట్టి ఆపడమంటే ఇష్టం. ఈ రెండో సంగతి కొంచెం వివరించాలి. డ్రైవింగ్ స్కూలు కారులో ‘డ్యూయల్ కంట్రోల్’ ఉంటుంది. నేర్చుకునేవారి కాళ్ళ దగ్గరున్న క్లచ్చు, బ్రేకు కాక, పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో జత పెడల్స్ బిగిస్తారు. కింద నుంచి కేబుల్ ఈ రెండు జతలనూ కలుపుతుంది. నేను నా బ్రేకు నొక్కితే అటువైపు పెడల్ కూడా దానంతటదే దిగుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు మాత్రమే దాన్ని వాడాలన్నది అందరి నియమం. ప్రమాదం ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఎప్పుడూ వాడాలన్నది నా నియమం.

నేను ప్రార్థన చేయకుండా బండి తీసేవాడిని కాదు. కాకపోతే ఆ రోజుల్లో నా ప్రార్థన ఆర్టీసీ టైం టేబుల్‌లా ఉండేది. ఆరున్నరకి నాతవరం రోడ్డు, ఏడున్నరకి మాకవరపాలెం రోడ్డు, ఆ దారిలోని లారీలు, షేర్ ఆటోలు, రోడ్డు దాటే గేదెలు, అన్నిటినీ పేరుపేరునా దేవుడికి అప్పగించేవాడిని. అప్పగించి, ఆమెన్ అని, కారెక్కి, వాటన్నిటినీ మళ్ళీ వెనక్కి తీసుకునేవాడిని.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం రూతమ్మ గారు మా గది గుమ్మంలో నిలబడ్డారు. ఆమె మా సంఘం పాస్టరు గారి భార్య. ఆయన్ని మేమంతా అయ్యగారు అంటాం, ఆమెని అమ్మగారు. యాభై నాలుగేళ్ళ మనిషి. చేతిలో గొడుగు, సంచిలో అప్పుడే తీసిన పాస్‌పోర్టు సైజు ఫోటోలు.

"మాస్టారూ, నాకు డ్రైవింగు నేర్పాల," అన్నారు.

"మీకా అమ్మగారూ?"

"నాకే. అయ్యగారికి నేర్పక్కర్లేదు, ఆయనకి వచ్చు. కళ్ళు లేవు. నాకు కళ్ళున్నాయి, డ్రైవింగు రాదు. ఇద్దర్నీ కలిపితే ఒక డ్రైవరు అవుతాడు కదా."

అయ్యగారి సంగతి మాకందరికీ తెలిసిందే. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, గ్లకోమా అంటారు, రెండేళ్ళలో ఆయన చూపు మొత్తం తీసేసింది. ఇక్కడ పట్నంలో ఆరాధనకి ఇబ్బంది లేదు, ఎవరో ఒకరం చెయ్యి పట్టుకుని తీసుకొస్తాం. ఇబ్బంది కొండ మీద. లంబసింగి దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో పదకొండు కుటుంబాల సంఘం ఉంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అయ్యగారు తన పాత వ్యాను తానే నడుపుకుంటూ ఆ ఊరు వెళ్ళేవారు. చూపు పోయాక ఒక డ్రైవరుని పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ డ్రైవరు వేరే పని దొరికి విశాఖపట్నం వెళ్ళిపోతున్నాడు.

"వచ్చే నెలాఖరుకి ఎల్లిపోతాడు. ఆ పై ఆదివారానికి నేను వ్యాను ఎక్కించాల."

"అమ్మగారూ, అది ఘాట్ రోడ్డు."

"తెలుసు మాస్టారూ. ఇరవై ఏళ్ళు దాని మీద వాంతులు సేసుకున్నాను."

ఇంకో డ్రైవరు కోసం అడిగారట. ఆదివారం అనేసరికి ఎవరూ రామన్నారట. "ఒక్క వారం మానీసినా ఆయన మంచం మీంచి లెగరు మాస్టారూ. కళ్ళు పోయినప్పుడు ఏడవలేదు. డ్రైవరు ఎల్లిపోతానన్న రోజు ఏడ్సేరు," అన్నారు. అంతవరకు నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆ మాట దగ్గర గొడుగు మడతలు సర్దుకున్నారు.

ఎల్ఎల్ఆర్ తీయించాం. అది నేర్చుకోవడానికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు, తీసుకున్న నెల రోజులకి గానీ టెస్టు పెట్టరు. టెస్టుకీ ఆ ఆదివారానికీ మధ్య మాకు మిగిలేది రెండు వారాలు. ఈ లెక్క వేసుకున్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఆ ఘాట్ రోడ్డు చేరే చింతపల్లికి ఆ పేరు చింతచెట్ల వల్ల వచ్చిందో ఏమో గానీ, చెట్లతో సంబంధం లేని చింత అంతా నేను మోశాను. ప్రతి క్లాసులోనూ నాకు ముందున్న నాతవరం రోడ్డు కనబడేది కాదు. దాని మీద ఘాట్ మలుపులు కనబడేవి, మలుపు అంచున వ్యాను, వ్యానులో చూపు లేని అయ్యగారు. వెంటనే నా కాలు బ్రేకు మీదకి పోయేది.

అమ్మగారు చక్కగా నేర్చుకున్నారు. స్టీరింగు నిదానం, గేర్లు మార్చడం శుభ్రం. ఒక్క బ్రేకు మాత్రం ఆమె నేర్చుకునే అవకాశం నేను ఇవ్వలేదు. ఆమె కాలు పెడల్ మీదకి వచ్చేసరికే నాది సగం దిగిపోయి ఉండేది. మెత్తగా, తెలియకుండా నొక్కడంలో నాకు పదిహేడేళ్ళ అనుభవం. కుదుపు ఉండదు.

నెల కావస్తుండగా ఒక రోజు అమ్మగారు బండి ఆపి ముచ్చటగా దాని వైపు చూశారు.

"ఈ బండి బలే సిత్రంగా ఉన్నాది మాస్టారూ. నేను కాలు ఆనించేసరికి బ్రేకు దానంతటదే దిగిపోతాది."

చెప్పాల్సిన క్షణం అది. నేను గొంతు సవరించుకుని, "చెయ్యి తిరుగుతోందమ్మా మీకు," అన్నాను. తిరుగుతున్నది చెయ్యి, పని చేస్తున్నది కాలు, అదీ నా కాలు. ఆ మాట లోపలే ఉండిపోయింది.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో ప్రసంగానికి ముందు, ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. జ్వరం తగ్గిన సంగతి, గొడవపడ్డ అన్నదమ్ములు కలిసిన సంగతి, అలాంటివి. అమ్మగారు లేచారు.

"ఈ వయసులో నాకు డ్రైవింగు వస్తాదా అని బయపడ్డాను. కానీ సూడండి, నేను బ్రేకు వెయ్యకముందే బ్రేకు పడిపోతంది. ప్రభువు నా కాలు కింద తన సెయ్యి పెడతన్నాడు. నా సొంతంగా ఏమీ లేదు. అందుకే ఇంక నాకు బయం లేదు."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, అందరికన్నా కాస్త గట్టిగా. ముందు వరసలో కూర్చున్న అయ్యగారు కళ్ళు మూసుకుని చేతులెత్తారు. నా పక్కనున్నాయన నా భుజం తట్టి, "నీ బండే కదా మాస్టారూ, దన్యుడివి," అన్నాడు. ఆ రోజు ప్రసంగం, రేపటి దిగులు రేపటికే వదిలేయమని ప్రభువు చెప్పిన మాట మీద. నేను అందులో ఒక్క ముక్క వినలేదు. రేపు టెస్టులో ఏమవుతుందో అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

టెస్టు రోజు ట్రాక్ మీద బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు నిలబడ్డారు. లైసెన్సులిచ్చే అధికారికి ఆఫీసులో వేరే హోదా ఉంటుంది గానీ మా జనం అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. టెస్టులో మాస్టారు బండిలో ఉండకూడదు. నేను కంచె బయట నిలబడ్డాను. అమ్మగారు రివర్సు చక్కగా చేశారు. తర్వాత ఎత్తు ఎక్కి తెల్ల గీత దగ్గర ఆపాలి. గీత దగ్గరకొచ్చారు. కంచె బయట బురదలో నా కాలు దిగిపోయింది. అక్కడ బండి మాత్రం ఆగలేదు. గీత దాటి, నిదానంగా, చాలా మర్యాదగా వెళ్ళి, అవతల పెట్టిన ఖాళీ డ్రమ్మును పడగొట్టి ఆగింది.

ఇన్‌స్పెక్టరు గారు కోప్పడలేదు. "అమ్మా, బ్రేకు నొక్కాలి. తాకితే చాలదు. వారం పోయాక రండి," అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను నడిపాను. అమ్మగారు నా పక్క సీటులో, అంటే రోజూ నేను కూర్చునే సీటులో కూర్చున్నారు. సగం దారిలో నా వైపు తిరిగారు.

"మాస్టారూ, నా వల్ల ఏదైనా తప్పు జరిగిందేటి?" అన్నారు.

"తప్పేముందమ్మా, మొదటిసారి చాలామందికి పోతుంది."

"టెస్టు మాట కాదు. ఈయాల ఆయన రాలేదు. కాలు పెట్టేను, ఎదురుసూసేను. బ్రేకు దిగలేదు. సంఘంలో అందరి ముందూ సెప్పుకున్నాను కదా, గొప్పకి సెప్పేనేమో. అందుకే సెయ్యి తీసీసేడేమో." మళ్ళీ "ఇక్కడే సెయ్యి తీసీసినాయన గాట్‌లో పట్టుకుంటాడా మరి?" అన్నారు.

బండి పక్కకి తీసి ఆపేశాను. అంతవరకు నాకున్న భయాలన్నీ ఏదో జరుగుతుందేమోనన్నవి. ఇప్పుడు జరిగిపోయింది, అదీ నేను భయపడని చోట.

"అమ్మగారూ, మీ కాళ్ళ దగ్గర చూడండి."

వంగి చూశారు. "ఏటివి? మీరు కాళ్ళు పెట్టుకోడానికి అనుకున్నాను."

"కుడి పక్కది నొక్కండి."

నొక్కారు. నా కాళ్ళ దగ్గరున్న బ్రేకు దానంతటదే దిగింది. ఆమె అటు చూశారు, ఇటు చూశారు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ దిగింది. మూడోసారి నొక్కి, అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"ఇన్నాళ్ళూ మీరేనా?"

"నేనే అమ్మగారూ."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ కాదు. ముక్కాలుసార్లు నా కాలే."

ఆమె నవ్వలేదు. ఆ క్షణంలో మాట విరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. "నేను సాక్ష్యం సెప్పినప్పుడు మీరక్కడే ఉన్నారు కదా," అన్నారు. ఉన్నానన్నాను. "దేవుడి ముందర నన్ను అబద్దాలమనిషిని సేసీసేరు మాస్టారూ." అంతే. ఇల్లు రాగానే గొడుగు తీసుకుని దిగిపోయారు.

మర్నాడు ఆమె రారనుకున్నాను. తెల్లవారకముందే లేచి, రాకపోతే అయ్యగారికి ఏం చెప్పాలి, సంఘంలో మొహం ఎలా చూపించాలి, కొండ మీద ఆ పదకొండు కుటుంబాలు ఎవరికోసం ఎదురుచూస్తాయి అని గది ముందు అటూ ఇటూ తిరిగాను. ఆరున్నరకి గొడుగుతో సహా అమ్మగారు వచ్చారు.

"కోపంగా ఉన్నారేమో, రారనుకున్నానమ్మా."

"కోపం ఉన్నాది. టెస్టు కూడా ఉన్నాది. బేగి ఎక్కండి."

కాలేజీ గ్రౌండుకి వెళ్ళాం. అక్కడ ఎవరూ లేరు. బండి తీయబోతూ ఆమె నా వైపు తిరిగారు. "కాళ్ళు పైకి పెట్టీయండి."

"ఏమిటమ్మా?"

"సీటు మీద. బాసింపట్టు ఏసుకోండి. అప్పుడు నాకు తెలుస్తాది, ఏది మీదో ఏది నాదో."

పదిహేడేళ్ళలో మొదటిసారి నడుస్తున్న బండిలో నా కాళ్ళు నేల మీద లేవు. భోజనానికి కూర్చున్నవాడిలా సీటు మీద మఠం వేసుకుని, బెల్టు బిగించుకుని, రెండు మోకాళ్ళూ గట్టిగా పట్టుకున్నాను. అమ్మగారు వేగం పెంచి గోల్ పోస్టు దగ్గర ఆపారు. బెల్టు నా ఛాతీని పట్టుకుని వెనక్కి లాగింది.

"అది నాదేనా?"

"పూర్తిగా మీదే అమ్మగారూ."

"గట్టిగా పడింది."

"మీ కాలు బరువు మీకు ఇవాళే తెలిసింది. మెత్తబడుతుంది."

మూడో రోజుకి మెత్తబడింది. నాలుగో రోజు రోడ్డు మీదకి వచ్చాం. ఆమె పట్టు ఆమెదే, నా బాసింపట్టు నాదే. మాకవరపాలెం రోడ్డులో ముందు వెళ్తున్న షేర్ ఆటో ఎవరో చెయ్యెత్తగానే చెప్పా పెట్టకుండా ఆగింది. ఆమెకన్నా ముందు నేను చూశాను. తొడ కింద ఇరుక్కున్న నా కాలు గిలగిలలాడింది. ప్రార్థనకి టైం టేబుల్ చదివే టైం లేదు. "ప్రభువా" అన్నాను, అంతే. అమ్మగారు నిదానంగా బ్రేకు నొక్కి, ఆటోకి రెండు బారల దూరంలో ఆపి, అద్దంలో వెనక చూసుకున్నారు. ఆటో అతను ముసలాయన మూట లోపల పెట్టుకుని, మా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. తన వెనకాల ఎంత పెద్ద సంగతి జరిగిందో అతనికి తెలియదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో అమ్మగారు మళ్ళీ లేచారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను.

"పోయిన వారం నేను సెప్పింది తప్పు. బ్రేకు ఏసింది ప్రభువు కాదు, మన మాస్టారు. నాకు ప్రభువు నా కాలే ఇచ్చేడు. దాన్ని వాడుకోమన్నాడు. నొక్కాల్సినప్పుడు నొక్కుతాను. నేను నొక్కలేని దాన్ని ఆయన సూసుకుంటాడు. అంతే." కూర్చోబోయి, మళ్ళీ లేచి, "మాస్టారి మీద ఎవరూ మాట అనకండి. నా మీద ప్రేమతోనే ఏసేరు. నమ్మకం లేక ఏసేరు, అది వేరే సంగతి," అన్నారు. సంఘమంతా నవ్వింది. నవ్వులో స్తోత్రాలు కూడా వినబడ్డాయి. అయ్యగారే అందరికన్నా ఎక్కువ నవ్వారు.

రెండోసారి టెస్టులో గీత మీద గీత గీసినట్టు ఆపారు. అప్పటికి డ్రైవరు వెళ్ళడానికి నాలుగు రోజులే ఉంది.

మొదటి ఆదివారం కొండెక్కేటప్పుడు నేను కూడా వస్తానన్నాను. మాస్టారుగా అవసరం లేదు, నా మనశ్శాంతి కోసం. వ్యానులో అయ్యగారు ముందు, అమ్మగారి పక్కన. నేను వెనక సీటులో. ఆ వ్యానుకి డ్యూయల్ కంట్రోల్ ఎలాగూ లేదు. డౌనూరు దాటి ఘాట్ మొదలైంది. రెండో గేరులో అమ్మగారు నిదానంగా ఎక్కిస్తున్నారు. ప్రతి మలుపు ముందూ హారను. పైనుంచి ఆర్టీసీ బస్సు దిగితే ఎంత చోటు వదలాలి, రాత్రి కురిసిన వానకి రాళ్ళు జారి ఉంటే ఎలా, అక్కడ వెనక్కి తీయాల్సి వస్తే ఎలా అని నేను మనసులో పైదాకా ఎక్కి దిగుతున్నాను.

"మాస్టారూ," అన్నారు అయ్యగారు, తల తిప్పకుండా. "నీ కాలు నా సీటుని తంతోంది."

నేను ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకున్నాను. ఎంతసేపటినుంచో ఆయన సీటు వెనక భాగాన్ని బ్రేకులా నొక్కుతున్నానన్న సంగతి నాకే తెలియదు.

"క్షమించండి అయ్యగారూ."

"బస్సేదైనా వస్తోందా?"

"లేదండీ."

"రాయేదైనా పడిందా?"

"ఈ మలుపులో లేదండీ."

"మరి దేనికేశావు బ్రేకు?"

నేను రెండు కాళ్ళూ సీటు కిందకి లాక్కున్నాను.

"నాకు రోడ్డు కనబడదు," అన్నారాయన. "ఆవిడ గేరు మారిస్తే మలుపు వచ్చిందని తెలుస్తుంది. ఆ మలుపులో ఆవిణ్ణి కాయమని అడుగుతాను. మలుపు అయిపోతుంది. తర్వాతది వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాను. నువ్వు చూపున్నవాడివి. ఇంకా రాని మలుపుకి ఇప్పుడే బ్రేకు వేస్తున్నావు. అక్కడ బండే లేదు కదా నాయనా, ఏది ఆగుతుంది?"

"బాగా సెప్పేరు," అన్నారు అమ్మగారు రోడ్డు మీంచి చూపు తీయకుండా. "ఇంక ఇద్దరూ మాటాడకండి. బస్సొస్తంది."

నిజంగానే వచ్చింది. ఆమె ఎడమకి తీసి ఆపారు. బస్సు హారను కొట్టుకుంటూ మమ్మల్ని రాసుకున్నట్టే దిగిపోయింది. ఆమె హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్చుని సగం వదిలి ఇంజను పట్టు అందుకోగానే హ్యాండ్‌బ్రేకు దించే పద్ధతిలో, వెనక్కి జానెడు కూడా జారకుండా బండి కదిలించారు. అది నేను నేర్పిందే. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఊరు చేరాం. పదకొండు కుటుంబాలూ రోడ్డు మీదే ఉన్నాయి. డ్రైవరు సీటులోంచి అమ్మగారు దిగడం చూసి ఒక ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు వాళ్ళ గొంతులు విని ఒక్కొక్కరినీ పేరుతో పిలిచారు.

ఈ సంగతి నాకు ఏం నేర్పిందని అడిగితే, నా కంగారు పోయిందని అబద్ధం చెప్పలేను. అబద్ధపు సాక్ష్యం ఒకసారి చాలు. ఇప్పటికీ ఉదయం లేవగానే మొత్తం రోజు ఒకేసారి నా మీదకి వస్తుంది. కాకపోతే ప్రార్థన కుదించాను. ఎక్కబోయే ఆ ఒక్క క్లాసు గురించే అడుగుతాను. రెండో క్లాసుకి మళ్ళీ అడుగుతాను. అడిగినదాన్ని వెనక్కి తీసుకోకుండా ఉండటం ఇంకా పూర్తిగా రాలేదు. నేనూ ఎల్ బోర్డు మీదే ఉన్నాను.

పనిలో మాత్రం ఒక మార్పు చేశాను. నా పెడల్ నొక్కిన ప్రతిసారీ నేర్చుకునేవారికి పైకి చెబుతాను, "ఇది నేను వేశాను" అని. మొదటి రోజు చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది. నా కాలు ఇన్నిసార్లు దిగుతోందని నాకూ తెలియదు. చెప్పడం మొదలుపెట్టాక దానంతటదే తగ్గింది. కారణం సులువు, చెప్పగానే వాళ్ళు అడుగుతారు.

మొన్న ఒక అమ్మాయి, నాతవరం దగ్గర బ్యాంకులో పని చేస్తుంది, ఖాళీ రోడ్డు మీద చక్కగా నడుపుతోంది. నా కాలు దిగింది.

"ఇది నేను వేశానమ్మా," అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. రెండు పక్కలా చూసింది. "దేనికి మాస్టారూ? ముందు ఏటీ లేదు కదా."

నేనూ చూశాను. ఎండలో తడి ఆరుతున్న తారు, ఒక పక్క నాట్లు వేసిన చేలు. అంతే.

"లేదమ్మా," అన్నాను. "పోనీ."